మూడు బేర్ యాక్ట్‌లు, ఒకే ప్రశ్న: పారిపోతున్నవాడిని పోలీసు కాల్చవచ్చా?

కొత్త క్రిమినల్ చట్టాలు 1 జూలై 2024న అమల్లోకి వచ్చాయి. అప్పట్నుంచి కోఠి లా పుస్తకాల దుకాణాల్లో జేబు సైజు బేర్ యాక్ట్‌లకు, అంటే వ్యాఖ్యానం లేకుండా చట్టపాఠం మాత్రమే ఉండే పుస్తకాలకు, గిరాకీ బాగా ఉంది. నేరాలు, శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహితలో 358 సెక్షన్లు, అరెస్టు, దర్యాప్తు, విచారణ పద్ధతి చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహితలో 531, సాక్ష్యాల నియమాలు చెప్పే భారతీయ సాక్ష్య అధినియంలో 170 ఉన్నాయి. మూడింటినీ విడివిడిగానూ అమ్ముతున్నారు, అట్టపెట్టెలో సెట్టుగానూ అమ్ముతున్నారు. ఎస్సై పరీక్షకు చదివేవాళ్లు, కొత్తగా బార్‌లో చేరిన జూనియర్లు, కోర్టు బీటు చూసే విలేకరులు ఎక్కువగా కొనేది నాగరిక సురక్షా సంహితే. ఇక మీదట న్యాయ సంహిత, సురక్షా సంహిత, సాక్ష్య అధినియం అని పొట్టిగా చెప్పుకుందాం.

బేర్ యాక్ట్ మంచిదో కాదో అట్ట చూస్తే తెలియదు. కష్టమైన ప్రశ్న ఒకటి ఎంచుకుని జవాబు ఎక్కడ ఎంత దొరుకుతుందో వెతకాలి. ఇక్కడ ఎంచుకున్న ప్రశ్న తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు: నిందితుడు పారిపోతున్నాడు, పోలీసు కాల్చాడు, మనిషి చనిపోయాడు. ఆ కాల్పులకు చట్టబలం ఉందా?

ఫలితం ముందే చెప్పేయవచ్చు. సురక్షా సంహిత ఒక్కటే కొంటే ఈ ప్రశ్నకు తప్పుడు జవాబు వస్తుంది. పుస్తకంలో తప్పు ఉండి కాదు, జవాబులో మూడో వంతు మాత్రమే అందులో ఉండడం వల్ల.

విషయసూచికలో ‘అరెస్టు’ దగ్గర మొదలుపెడితే నేరుగా 43వ సెక్షన్ తగులుతుంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 46. ఒకటో ఉపసెక్షన్ అరెస్టు ఎలా చేయాలో చెబుతుంది. రెండోది, అరెస్టుకు బలవంతంగా అడ్డుపడినా తప్పించుకోబోయినా అవసరమైన మార్గాలన్నీ వాడవచ్చంటుంది. మూడోది కొత్తగా చేర్చిన బేడీల నిబంధన. నాలుగోది మన ప్రశ్నకు సంబంధించింది: మరణశిక్ష గానీ యావజ్జీవం గానీ పడదగిన నేరం ఆరోపణ లేని మనిషి ప్రాణం తీసే హక్కు ఈ సెక్షన్‌లో ఏదీ ఇవ్వదు.

ఈ వాక్యంలో రెండు ‘కాదు’లు ఉన్నాయి. తెలుగు అనువాదాలు, ముఖ్యంగా పరీక్షల గైడ్లు, బోల్తా పడేది ఇక్కడే. రెండు నిషేధాలను కలిపి ఒక అనుమతిగా మార్చి, ‘యావజ్జీవ శిక్ష పడే నేరస్తుడు పారిపోతుంటే చంపవచ్చు’ అని రాసేస్తారు. చట్టం ఆ మాట అనలేదు. కంచె ఎక్కడుందో చెప్పింది గానీ కంచె అవతల పొలం నీదని రాసివ్వలేదు. యావజ్జీవ నేరం ఆరోపణ ఉన్నవాడి విషయంలో నాలుగో ఉపసెక్షన్ అడ్డు తొలగుతుంది, అంతే. అప్పుడైనా రెండో ఉపసెక్షన్‌లోని ‘అవసరమైన’ అన్న మాట అక్కడే ఉంటుంది. సురక్షా సంహిత 46వ సెక్షన్ కూడా ఉంటుంది: తప్పించుకోకుండా ఆపడానికి ఎంత నిర్బంధం కావాలో అంతకు మించకూడదు. చుట్టుముట్టి పట్టుకోగలిగినవాడిని, ఊరూ పేరూ ఇల్లూ తెలిసినవాడిని, రేపు ఉదయం ఇంటి దగ్గర అరెస్టు చేయగలిగినవాడిని తూటాతో ఆపడం ‘అవసరం’ ఎలా అవుతుందో కోర్టుకు చెప్పుకోవాలి. తెలుగు పుస్తకం కొనేవాళ్లు దుకాణంలోనే 43(4) తీసి చదవండి. రెండు ‘కాదు’లు కనిపించకపోతే ఆ పుస్తకం అక్కడే పెట్టేసి రండి.

‘నేరం ఆరోపణ’ అన్న మాట కూడా ఆగి చూడదగ్గదే. రుజువైన నేరం అనలేదు, ఆరోపణ అంది. ఆరోపించేది ఎక్కువసార్లు పోలీసే. ఎన్‌కౌంటర్ జరిగిన వెంటనే చనిపోయినవాళ్ల మీద హత్యాయత్నం కేసు కడతారు కదా, దాని బరువు ఈ మాటతో అర్థమవుతుంది. న్యాయ సంహిత 109 ప్రకారం, ఆ ప్రయత్నంలో ఎవరికైనా గాయమైతే శిక్ష యావజ్జీవం దాకా వెళ్తుంది. ఒక కానిస్టేబుల్ చేతికి గాయం చూపిస్తే, అప్పటిదాకా మూడేళ్ల నేరంలో ఉన్న మనిషి యావజ్జీవ నేరం నిందితుడైపోతాడు. పుస్తకం ఇది చెప్పదు. సెక్షన్లు పక్కపక్కన పెట్టి చదివితేనే కనిపిస్తుంది.

ఏ నేరానికి ఎంత శిక్షో చూడ్డానికి సురక్షా సంహిత చివర ఉన్న మొదటి షెడ్యూలుకు వెళ్లాలి. ఆరు నిలువు వరుసల పట్టిక, మూడో వరుసలో శిక్ష. జేబు సైజులో ఈ పట్టికను చదవడం కళ్లకు పరీక్షే. అడ్డంగా తిప్పి అచ్చేసిన ఎడిషన్ దొరికితే అదే నయం. దొంగతనం 303(2), గొలుసు లాగేయడం 304(2), రెండింటికీ మూడేళ్ల దాకా. దోపిడీకి పదేళ్లు, హైవే మీద సూర్యాస్తమయం తర్వాత సూర్యోదయం లోపు చేస్తే పద్నాలుగు. ఇవేవీ యావజ్జీవం కావు. కాబట్టి గొలుసు తెంచుకుని బైకు మీద పోతున్నవాడిని ఆపడానికి ప్రాణం తీసే హక్కు 43 ఇవ్వదు. అదే అయిదుగురో అంతకు మించో కలిసి చేస్తే బందిపోటు, 310(2), యావజ్జీవం దాకా. అక్కడ నాలుగో ఉపసెక్షన్ అడ్డు ఉండదు.

గంజాయి దగ్గర చాలామంది తడబడతారు. చెక్‌పోస్టు దగ్గర కారు వదిలేసి తోటల్లోకి పరిగెత్తినవాడి డిక్కీలో 20 కిలోలకు పైగా సరుకు దొరికిందనుకోండి. మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) లెక్కలో అది వాణిజ్య పరిమాణం, శిక్ష పదేళ్ల నుంచి ఇరవై ఏళ్లు. ఇరవై ఏళ్లంటే ఎంత పెద్దగా వినిపించినా యావజ్జీవం కాదు, 43(4) అడ్డు ఉంటుంది. ఈ శిక్ష మొదటి షెడ్యూలులో దొరకదు. ప్రత్యేక చట్టాల నేరాలకు షెడ్యూలు రెండో భాగంలో ఏళ్లను బట్టి వర్గీకరణ మాత్రమే ఉంటుంది, అసలు శిక్ష ఆ చట్టంలోనే చూసుకోవాలి. ఎర్రచందనానికీ అంతే. 7 ఏప్రిల్ 2015న శేషాచలం అడవుల్లో 20 మంది కూలీలు టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో చనిపోయారు. ఆనాటి అటవీ చట్టంలో చెట్టు నరికితే యావజ్జీవం లేదు. పోలీసులు రాళ్లదాడి, గొడ్డళ్ల దాడి జరిగిందని చెప్పాల్సి రావడానికి కారణం ఇదే. ‘పారిపోయారు, కాల్చాం’ అంటే చట్టంలో నిలబడే చోటే లేదు.

కాపాడుకునే హక్కు ఎక్కడుంది? రెండో పుస్తకం, న్యాయ సంహిత, 34 నుంచి 44 వరకు. పాత ఐపీసీలో 96 నుంచి 106. పోలీసుకు ఇక్కడ ప్రత్యేక హోదా ఏమీ లేదు, మీకూ నాకూ ఉన్న హక్కే. తెలుగులో దీన్ని ‘ఆత్మరక్షణ’ అనేస్తారు. అది ఇరుకు మాట. తన ప్రాణానికే కాదు, పక్కవాడి ప్రాణానికీ ఆస్తికీ కూడా ఈ హక్కు వర్తిస్తుంది. ‘స్వీయ రక్షణ’ అన్నా అదే ఇబ్బంది. ‘ప్రైవేటు రక్షణ హక్కు’ అని మక్కీకి మక్కీ దించిన ఎడిషన్ వినడానికి ఎబ్బెట్టుగా ఉన్నా అర్థం చెడగొట్టదు.

38వ సెక్షన్ ప్రాణం తీసేదాకా వెళ్లగల సందర్భాలను ఏడు చెబుతుంది: చావు భయం కలిగించే దాడి, తీవ్ర గాయం భయం కలిగించే దాడి, అత్యాచారం, అసహజ లైంగిక దాడి, కిడ్నాప్, బయటి సాయం అందని అక్రమ నిర్బంధం, యాసిడ్ దాడి. ఈ ఏడింటిలో పరుగు లేదు. పుస్తకంలో పెన్సిలు పెట్టి గుర్తు పెట్టుకోవాల్సిన పేజీ ఇదొక్కటే. తర్వాత 40: భయం మొదలైనప్పుడు హక్కు మొదలవుతుంది, భయం ఉన్నంతసేపే ఉంటుంది. వెనక్కి తిరిగి కాలుస్తూ పరిగెత్తేవాడి మీద హక్కు ఉంది. అతను తుపాకీ పారేసి పరిగెత్తిన క్షణం నుంచి లేదు. ఈ రెండు క్షణాల మధ్య రెండు సెకన్ల తేడా ఉండవచ్చు, కేసంతా ఆ రెండు సెకన్ల మీదే నడుస్తుంది. 37 ప్రకారం రక్షణకు కావలసినదానికి మించి హాని చేయకూడదు.

ఆస్తి విషయంలో 41, 43 చూడాలి. ఇక్కడొక ఉచ్చు ఉంది. న్యాయ సంహిత 43, ఆస్తి రక్షణ హక్కు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో చెబుతుంది. సురక్షా సంహిత 43 అరెస్టు గురించి. రెండూ మన ప్రశ్నకు అక్కరకొచ్చేవే, రెండింటి నంబరూ ఒకటే. పిటిషన్‌లో ‘సెక్షన్ 43’ అని ఊరికే రాస్తే ఏ సంహితో అర్థం కాక బెంచి మీంచి ప్రశ్న వస్తుంది. సెట్టుగా కొంటే మూడు అట్టలకు మూడు రంగులున్నవి ఎంచుకోండి, ఈ ఒక్క కారణానికైనా.

కాల్చిన పోలీసు మంచి ఉద్దేశంతోనే హద్దు దాటాడనుకుందాం. హత్య ఏదో చెప్పే న్యాయ సంహిత 101కి (పాత ఐపీసీ 300) మూడో మినహాయింపు ఉంది: ప్రభుత్వోద్యోగి తన అధికారం దాటినా, అది చట్టబద్ధం, అవసరం అని సద్బుద్ధితో నమ్మి, పగ లేకుండా చేస్తే అది హత్య కాదు. కాదు అంటే నిర్దోషి అని కాదు. హత్య కాని నరహత్యగా 105 కిందికి దిగుతుంది, శిక్ష ఉంటుంది. టీవీ చర్చల్లో ఈ మినహాయింపును పూర్తి మాఫీలా చెప్పేవాళ్లు పేజీ తిప్పి 105 చదివితే బాగుండు.

మూడో పుస్తకం సాక్ష్య అధినియం. దీన్ని చాలామంది కొనరు, సన్నగా ఉంటుంది కాబట్టి తక్కువ పని ఉన్నట్టు అనిపిస్తుంది. 108వ సెక్షన్ చూడండి, పాత సాక్ష్య చట్టంలో 105. మినహాయింపు కింద రక్షణ కోరేవాడే ఆ పరిస్థితులు ఉన్నాయని చూపాలి. ‘వాడు తుపాకీ లాక్కున్నాడు, అందుకే కాల్చాం’ అంటే ఆ లాక్కోవడాన్ని చూపే భారం కాల్చినవాళ్ల మీదే ఉంటుంది. ప్రాసిక్యూషన్ లాగా అనుమానానికి తావు లేకుండా రుజువు చేయనక్కర్లేదు, అలా జరిగి ఉండడానికే ఎక్కువ అవకాశం ఉందనిపిస్తే చాలు. కానీ ఉత్త మాటతో సరిపోదు.

ఈ సెట్టుకున్న అసలు లోటు వేరే ఉంది, అది చట్టసభ చేసిన లోటు. ఎన్‌కౌంటర్ తర్వాత ఏం చేయాలో చెప్పే నియమాలు ఈ మూడు పుస్తకాల్లో ఒక్కచోటా వరుసగా లేవు. అవి 23 సెప్టెంబర్ 2014న పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన పీయూసీఎల్ వర్సెస్ మహారాష్ట్ర కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన 16 మార్గదర్శకాలు. రాజ్యాంగం 141వ అధికరణ కింద ఇవి దేశమంతటికీ చట్టం లాంటివే. బేర్ యాక్ట్ అంటే ఉత్త చట్టమే కాబట్టి అందులో ఇవి ఉండవు. కింద కేస్ నోట్సు ఇచ్చే ఎడిషన్లలో ఒక లైను కనిపించవచ్చు, ఆ లైనుతో పని జరగదు. పదహారింటినీ ప్రింటు తీసి సురక్షా సంహిత 196 దగ్గర అతికించుకోవడమే దారి. అక్కడే ఎందుకంటే, మెజిస్ట్రేటు విచారణ సెక్షన్ అదే, పాత 176. తీర్పులో పాత నంబర్లే ఉంటాయి, మార్చి రాసుకోవాలి: 157 ఇప్పుడు 176, 173 ఇప్పుడు 193, 176 ఇప్పుడు 196, 190 ఇప్పుడు 210. పాత 176, కొత్త 176 వేర్వేరని గమనించండి. ఇక్కడా ఉచ్చే.

ఆ పదహారింటిలో ఫైలు నిలబడేదీ కూలేదీ కొన్నిటి దగ్గరే. సమాచారం అందితే కేస్ డైరీలో గానీ ఎలక్ట్రానిక్ రూపంలో గానీ ముందే రాసుండాలి. చావు జరిగితే ఎఫ్ఐఆర్ కట్టి ఆలస్యం లేకుండా కోర్టుకు పంపాలి. దర్యాప్తు సీఐడీ గానీ వేరే స్టేషన్ బృందం గానీ చేయాలి, దాన్ని పర్యవేక్షించే అధికారి కాల్పుల బృందం నాయకుడికంటే కనీసం ఒక మెట్టు పైన ఉండాలి. పోస్టుమార్టం జిల్లా ఆసుపత్రిలో ఇద్దరు డాక్టర్లు చేయాలి, వీడియో తీయాలి. రక్తం అంటిన మట్టి, వెంట్రుకలు, తూటాలు, ఖాళీ తొడుగులు భద్రం చేయాలి. కాల్చినవాళ్లు ఆయుధాలు ఫోరెన్సిక్ పరీక్షకు అప్పగించాలి. సంఘటన జరిగిన వెంటనే ఔట్ ఆఫ్ టర్న్ ప్రమోషన్లు, శౌర్య పతకాలు ఇవ్వకూడదు. పద్ధతి పాటించలేదనిపిస్తే కుటుంబం సెషన్స్ జడ్జికి ఫిర్యాదు చేయవచ్చు.

తప్పు ఎక్కువగా ఎక్కడ జరుగుతుందంటే ఎఫ్ఐఆర్ దగ్గర. చనిపోయినవాడి మీద హత్యాయత్నం కేసు కట్టి, అదే ఈ చావుకు కూడా ఎఫ్ఐఆర్ అనేస్తారు. నిందితుడు చనిపోయాడు కాబట్టి కేసు మూసేశామంటారు. కాల్చింది ఎవరు, ఎందుకు అన్న దర్యాప్తు ఆ మూతలోనే పోతుంది. తర్వాతి బలహీనమైన చోటు గాయాల దిశ. వీపులో తూటా ఉన్నంత మాత్రాన కట్టుకథ అని తేలిపోదు, పరిగెత్తేవాడు తిరిగి కాల్చి మళ్లీ మళ్లుతుండగా తగలవచ్చు. అయితే ఎఫ్ఐఆర్‌లో రాసిన నిలబడ్డ చోటు, స్కెచ్‌లో దూరం, గాయం దిశ, చేతి మీద మందుగుండు ఆనవాళ్లు, ఈ నాలుగూ ఒకే కథ చెప్పాలి.

కాలి మీద కాల్చడం గురించి ఒక మాట. ‘చంపలేదు కదా’ అంటారు. తొడలోని పెద్ద రక్తనాళం తెగితే నిమిషాల్లో ప్రాణం పోతుంది, పరిగెత్తే కాలికి గురి కుదరడం మైదానంలో బొమ్మకు కుదిరినట్టు కాదు. పైగా తీవ్ర గాయాలైన ఎన్‌కౌంటర్లకు కూడా వీలైనంతవరకు ఈ 16 నియమాలు వర్తిస్తాయని అదే తీర్పు చెప్పింది.

సెట్టును ఒక నిజం కేసు మీద పరీక్షించి చూస్తే దాని విలువ తెలుస్తుంది. షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో 6 డిసెంబర్ 2019న, పశువైద్యురాలి అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. రెండు పిస్టళ్లు లాక్కుని కాలుస్తూ పారిపోయారన్నది పోలీసుల వాదన. వాళ్ల మీద ఉన్న ఆరోపణకు మరణశిక్ష దాకా పడవచ్చు. అందుకే 43(4), అంటే నాటి 46(3), అడ్డు లేదు. సురక్షా సంహిత ఒక్కటే చేతిలో ఉన్నవాడు ఇక్కడ ఆగిపోయి ‘చట్టబద్ధమే’ అంటాడు. జస్టిస్ వి.ఎస్. సిర్పుర్కర్ నాయకత్వంలో సుప్రీంకోర్టు వేసిన ముగ్గురు సభ్యుల కమిషన్ అక్కడ ఆగలేదు. 387 పేజీల నివేదిక 20 మే 2022న బయటికొచ్చింది. ఆయుధాలు లాక్కోవడం, పారిపోబోవడం, దాడి, కాల్పులు, ఇవేవీ ఆ నలుగురు చేయలేదని కమిషన్ తేల్చింది. పోలీసులు చంపాలనే ఉద్దేశంతో కాల్చారంది. పదిమంది పోలీసుల మీద హత్య నేరం కింద విచారణ జరగాలని సిఫార్సు చేసింది. సద్బుద్ధి వాదన నమ్మదగినది కాదు కాబట్టి పాత ఐపీసీ 300కు (ఇప్పటి 101) మూడో మినహాయింపు కూడా వర్తించదంది. చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది. విషయం తర్వాత తెలంగాణ హైకోర్టుకు వెళ్లింది. కమిషన్ తర్కం మొత్తం న్యాయ సంహితకూ సాక్ష్య అధినియానికీ పాత రూపాలైన చట్టాల మీదే నడిచింది, అరెస్టు సెక్షన్ మీద కాదు. నివేదికను పక్కన పెట్టుకుని ఈ రెండు పుస్తకాలు తిరగేస్తే లా కాలేజీ పాఠం కంటే ఎక్కువ వస్తుంది.

అమెరికాలో ఉండి ఇక్కడి కేసుల మీద వాదించే మనవాళ్లకు: అక్కడి కొలత వేరు. 1985లో టెన్నెసీ వర్సెస్ గార్నర్ తీర్పు, నేరం పేరు చూసి కాదు, పారిపోయేవాడివల్ల అధికారికో ఇతరులకో చావు లేదా తీవ్ర గాయం ముప్పు ఉందని నమ్మడానికి తగిన కారణం ఉందా అని చూడమంది. వీలైతే ముందు హెచ్చరించాలంది. మెంఫిస్‌లో కంచె ఎక్కుతున్న 15 ఏళ్ల నిరాయుధ కుర్రాడిని కాల్చిన కేసు అది. మన 43(4) శిక్షను కొలుస్తుంది, అక్కడి తీర్పు ముప్పును కొలుస్తుంది. ఆ కొలతే మెరుగు. మన చట్టంలో ముప్పు కొలత న్యాయ సంహిత 38లో ఉంది గానీ అరెస్టు సెక్షన్‌లోకి రాలేదు. చట్టాలు కొత్తగా రాసేటప్పుడు బేడీలకు ఒక ఉపసెక్షన్ చేర్చిన చేత్తోనే దీన్నీ సరిచేసి ఉండవచ్చు.

ఇక కొనే సంగతి. డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే ప్రభుత్వ ఇండియా కోడ్ వెబ్‌సైటులో మూడు చట్టాలూ ఉచితం. జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ వారి సంకలన్ యాప్‌లో పాత, కొత్త సెక్షన్ల పోలిక ఉంది, సెక్షన్ నంబరు మార్చుకోవడానికి పుస్తకం కంటే వేగం. కానీ నాలుగు సెక్షన్లను పక్కపక్కన పెట్టి చదవడానికి ఫోను తెర పనికిరాదు, అక్కడ కాగితమే గెలుస్తుంది. పుస్తకం కొంటే పోలిక పట్టిక రెండు వైపులా ఉందా, అంటే పాత నంబరు నుంచి కొత్తదానికీ, కొత్తదాన్నుంచి పాతదానికీ ఉందా చూడండి. పాత తీర్పులు చదవాలంటే మొదటిది, కొత్త ఎఫ్ఐఆర్ చదవాలంటే రెండోది కావాలి. సురక్షా సంహిత 218 కూడా ఒకసారి తిప్పి చూడండి: ప్రభుత్వోద్యోగి మీద విచారణకు అనుమతి కోరితే ప్రభుత్వం 120 రోజుల్లో తేల్చాలి, లేకపోతే ఇచ్చినట్టే లెక్క. పాత 197ను కొత్త నంబరుతో దించేసిన చవక ఎడిషన్ అయితే ఈ 120 రోజులు అందులో ఉండవు.